పిట్ట కాలి కడియం – డాక్టర్ సలీం అలీ జీవితం

భారతదేశంలో పక్షిశాస్త్రం అనగానే మొదట స్ఫురించే పేరు డాక్టర్ సలీం అలీ. ఆయన రచించిన గ్రంథాలను గూర్చి, పొందిన పురస్కారాలను గూర్చి చాలామంది వినే ఉంటారు. కాని వలస పక్షుల కాళ్లకు చిన్న చిన్న లోహపు కడియాలు తొడిగి, అవి ఏ దేశం నుండి వచ్చి ఏ దేశానికి పోతున్నవో తెలుసుకోవడానికి ఆయన చేసిన కృషిని గూర్చి, ఆ కృషి వలన ముదిమిలో ఆయన మోయవలసి వచ్చిన నిందను గూర్చి తెలిసినవారు తక్కువ. చేత తుపాకితో పక్షిలోకంలో అడుగుపెట్టిన మనిషి, పట్టిన పక్షిని ప్రాణంతో విడిచిపెట్టే శాస్త్రానికి మన దేశంలో పెద్దదిక్కు ఎలా అయినాడో ఈ వ్యాసంలో చెప్పదలచాను.

సలీం అలీ 1896 నవంబరు 12వ తేదీన బొంబాయిలో ఒక సులేమానీ బోరా కుటుంబంలో జన్మించారు. తోబుట్టువులందరిలో చిన్నవాడు. ఏడాది నిండేసరికి తండ్రి, మూడేళ్లు వచ్చేసరికి తల్లి గతించారు. పిల్లలందరినీ మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య హమీదా బేగం ఖేత్‌వాడీలోని తమ ఇంటికి తీసుకొని వెళ్లి పెంచారు. ఆ దంపతులకు సంతానం లేదు. స్వాతంత్ర్య సమరంలో గాంధీజీకి సన్నిహితుడైన అబ్బాస్ త్యాబ్జీ కూడా ఈ కుటుంబంలోనివారే. చదువులో సలీం అంత చురుకైనవాడు కాదు. పదమూడేళ్ల వయసు నుండి విడువని తలనొప్పులు బాధించి బడి మానవలసిన రోజులు ఎక్కువయినవి. 1913లో మెట్రిక్యులేషన్ ఎలాగో గట్టెక్కాడు. తరువాతి కాలంలో గౌరవ డాక్టరేట్లు అనేకం వచ్చినా, చదివి సంపాదించిన విశ్వవిద్యాలయ పట్టం మాత్రం ఆయనకు కడవరకూ లేదు.

పిచ్చుక కథ ప్రసిద్ధమైనదే అయినా చెప్పక తప్పదు. మేనమామకు వేట సరదా. పిల్లవాడికి ఒక గాలి తుపాకి కొనిపెట్టారు. పది పన్నెండేళ్ల సలీం దానితో పిచ్చుకలను కొడుతూ ఉండేవాడు. ఒకనాడు కొట్టిన పిచ్చుక గొంతుమీద పసుపు రంగు మచ్చ కనబడింది. అది మామూలు ఊరపిచ్చుక కాదనిపించింది. మతధర్మం ప్రకారం తినదగినదో కాదో కూడా తెలియలేదు. మేనమామకూ తెలియక, తాను సభ్యుడుగా ఉన్న బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చీటీ వ్రాసి ఇచ్చి పంపారు. 1883లో స్థాపించిన ఆ సంస్థకు అప్పుడు కార్యదర్శి డబ్ల్యు. ఎస్. మిలర్డ్ అనే ఆంగ్లేయుడు. ఆయన పిట్టను చూసి, అది పసుపు గొంతు పిచ్చుక అని చెప్పి, బీరువాల అరలు లాగి గడ్డి కూరి భద్రపరచిన వందలాది పక్షుల నమూనాలను ఆ కుర్రవాడికి చూపించారు. పుస్తకాలు ఇచ్చారు. పక్షి చర్మం వొలిచి నమూనా తయారుచేసే పని నేర్పించే ఏర్పాటు చేశారు. చచ్చిన పిచ్చుకను పట్టుకొని వచ్చిన పిల్లవాణ్ణి కసరి పంపివేసి ఉంటే కథ అక్కడితో సరి. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారు ఈ మిలర్డ్ దొరను కొంచెం ఎక్కువగా తలచుకోవాలని నాకు అనిపిస్తుంది.

తరువాత కొంతకాలం బర్మాలోని తవోయ్‌లో కుటుంబానికి ఉన్న టంగ్‌స్టన్ గనుల, కలప వ్యాపారం చూసుకోవడానికి వెళ్లారు. వ్యాపారం సాగలేదు కాని అక్కడి అడవులలో పక్షులను చూసే అవకాశం దొరికింది. 1917లో తిరిగివచ్చి ఒకవైపు వాణిజ్య శాస్త్రం, మరొకవైపు సెయింట్ జేవియర్ కళాశాలలో ఫాదర్ బ్లాటర్ ప్రోత్సాహంతో జంతుశాస్త్రం చదివారు. 1918లో తెహ్‌మీనా బేగంతో వివాహం జరిగింది. జువలాజికల్ సర్వే వారి పక్షిశాస్త్రజ్ఞుని ఉద్యోగం పట్టా లేని కారణంగా దక్కలేదు. 1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో సందర్శకులకు వివరించి చెప్పే ఉపన్యాసకుని కొలువు దొరికింది. రెండేళ్లకే అది ఆయనకు విసుగనిపించింది. సెలవు పెట్టి జర్మనీకి ప్రయాణమయ్యారు.

బెర్లిన్‌లో ఆచార్య ఎర్విన్ స్ట్రెస్‌మన్ వద్ద ఆయన శిష్యరికం చేశారు. ఆ కాలంలో పక్షిశాస్త్రమంటే కాల్చి తెచ్చిన పక్షుల ఈకలు, ముక్కులు, కొలతలు చూసి జాతులను వర్గీకరించడమే అని ఎక్కువమంది అనుకుంటూ ఉండగా, బ్రతికి ఉన్న పక్షి ఏమి చేస్తున్నదో గమనించడం కూడా శాస్త్రమేనని చెప్పిన వారిలో స్ట్రెస్‌మన్ అగ్రగణ్యుడు. సలీం అలీ ఆయనను జీవితాంతం గురువుగా తలచుకున్నారు. ఈ జర్మనీ నివాసంలోనే ఆయన హెలిగోలాండ్ అనే దీవిలోని పక్షి పరిశోధన కేంద్రంలో కడియాలు తొడిగే పనిని కళ్లారా చూసి చేతులారా నేర్చుకున్నారు.

హెలిగోలాండ్ ఉత్తర సముద్రం నడుమ ఉన్న రాతిదీవి. వైశాల్యం రెండు చదరపు కిలోమీటర్లయినా ఉండదు. వసంతంలో దక్షిణాది నుండి స్కాండినేవియా వైపు, శరత్తులో అటునుండి ఇటు ప్రయాణించే చిన్న చిన్న పాటపిట్టలు రాత్రంతా సముద్రం మీద ఎగిరి అలసి, కనబడిన ఈ రాయిమీద వాలతవి. చెట్లు తక్కువైన ఆ దీవిలో పొదలు పెంచిన ఒక తోట ఉన్నది. ఆ పొదలను కప్పుతూ ఇనుప వల అల్లిన పెద్ద గరాటు వంటి దారి కట్టారు. దాని మూతి విశాలంగా ఉండి పోనుపోను ఇరుకవుతుంది. చివర అద్దం బిగించిన పెట్టె ఉంటుంది. మనుషులు వెనుకనుండి మెల్లగా అదిలిస్తూ నడిస్తే పిట్టలు వెలుతురు వైపు ఎగిరి పెట్టెలో పడతవి. ఒక్కొక్కదాన్ని తీసి, కాలికి కడియం వేసి, కొలిచి, తూచి విడిచిపెడతారు. ఈ తరహా బోనుకు హెలిగోలాండ్ బోను అన్న పేరే లోకమంతటా స్థిరపడింది.

ఈ విద్య అప్పటికి మరీ పాతదేమీ కాదు. దీనికి శాస్త్రరూపం ఇచ్చినవాడు డెన్మార్క్‌లోని విబోర్గ్ అనే ఊళ్లో బడిపంతులుగా పనిచేసిన మోర్టెన్‌సెన్. ఆయన 1890లో జింకు కడియాలు వేసి చూశాడు. అవి బరువెక్కువై పనికిరాలేదు. 1899లో తేలికైన అల్యూమినియం రేకుతో కడియాలు చేసి, వాటిమీద వరుస అంకెలు కొట్టి గోరువంకల జాతికి చెందిన స్టార్లింగ్ పిట్టలకు తొడిగి వదిలాడు. ఒక్కొక్క కడియానికి ఒక్కొక్క అంకె; ఆ అంకె చిట్టాలో వ్రాసి ఉంటుంది. ఎక్కడో ఎవరికో ఆ పిట్ట మళ్లీ చిక్కి, అంకెను తిరిగి తెలియజేస్తే, ఎక్కడ బయలుదేరినది ఎక్కడకు చేరినదో రుజువవుతుంది. అంతవరకు వలసను గూర్చి ఉన్నవన్నీ ఊహలే. మన దేశంలో 1926–27 ప్రాంతంలో ధార్ సంస్థానంలో బొంబాయి సొసైటీ తోడ్పాటుతో బాతులకు కడియాలు వేయడం మొదలయింది. అయితే అది సంస్థానాధీశుల ఉత్సాహం మీద నడిచిన పని; పెద్ద ఎత్తున సాగలేదు.

1930లో సలీం అలీ తిరిగి వచ్చేసరికి డబ్బు లేదని మ్యూజియంలోని ఉద్యోగాన్ని తీసివేశారు. భార్యాభర్తలు బొంబాయికి ఎదుట సముద్రపు ఒడ్డున ఉన్న కిహీం గ్రామంలో కాపురం పెట్టారు. పని లేని ఆ నెలలలో ఇంటిదగ్గరి చెట్టుకు గూళ్లు అల్లుతున్న గిజిగాళ్లను రోజుల తరబడి కూర్చుని చూశారు. మగ గిజిగాడు గూటిని సగం అల్లి ఆపుతాడని, ఆడపక్షి వచ్చి దాన్ని పరీక్షించి ఒప్పుకుంటేనే పూర్తిచేస్తాడని, ఆమె గుడ్లు పెట్టగానే ఇంకొక గూడు మొదలుపెట్టి ఇంకొక ఆడపక్షిని పిలుస్తాడని ఆయన వెల్లడించారు. తుపాకి ముట్టకుండా చేసిన ఈ పరిశీలనతోనే ఆయనకు శాస్త్రవేత్తగా పేరు వచ్చింది.

తెలుగువారికి ఆయనతో ఉన్న సంబంధం ఇక్కడే మొదలవుతుంది. సంస్థానాలలోని పక్షుల వివరాలు ఎవరివద్దా సమగ్రంగా లేవని, జీతం అక్కరలేదు, ఖర్చులు భరిస్తే చాలు, తానే సర్వే చేసిపెడతానని ఆయన ప్రతిపాదించారు. మొదట ఒప్పుకొన్నది నిజాం ప్రభుత్వం. 1931–32లో హైదరాబాదు సంస్థాన పక్షి సర్వే జరిగింది. ఆనాటి సంస్థానంలో తెలుగు, మరాఠీ, కన్నడ ప్రాంతాలు మూడూ ఉండేవి కనుక నేడు మూడు నాలుగు రాష్ట్రాలలో చెదిరి ఉన్న నేల అంతా ఆ సర్వే కిందికి వచ్చింది. నల్లమలలో అమ్రాబాదు పీఠభూమి మీద మన్ననూరు, ఫరహాబాదు వంటి చోట్ల గుడారాలు వేశారు. తెహ్‌మీనా బేగం కూడా వెంట ఉండి గుడారపు సంసారం నడిపారు. తరువాత తిరువాన్కూరు, కొచ్చిన్, గ్వాలియర్, ఇండోర్, భోపాల్ సంస్థానాలు ఆయనను ఆహ్వానించినవి. ఈ సర్వేలన్నింటిలోనూ పక్షులను కాల్చి నమూనాలు సేకరించక తప్పలేదు. ఆ మాటను దాచిపెట్టవలసిన పని లేదు. ఆయన కూడా దాచలేదు. జాతిని నిర్ధారించడానికి నమూనా కావాలన్న అభిప్రాయాన్ని ఆయన చివరివరకు మార్చుకోలేదు. మారినదల్లా ఆయన అడిగే ప్రశ్న. ఈ పక్షి ఏది అన్న ప్రశ్నకు చచ్చిన పక్షి సమాధానం చెప్పగలదు. ఈ పక్షి ఎక్కడికి పోతుంది అన్న ప్రశ్నకు బ్రతికినదే చెప్పాలి.

1939లో చిన్న శస్త్రచికిత్స తరువాత తెహ్‌మీనా బేగం మరణించారు. ఆ దెబ్బనుండి తేరుకోవడానికి ఆయనకు చాలాకాలం పట్టింది. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. చెల్లాచెదరైన ఇంటిని విడిచి బాంద్రాలోని సోదరి కమూ ఇంటికి చేరి, శేషజీవితమంతా అక్కడే గడిపారు. 1941లో వెలువడిన ఆయన భారతీయ పక్షుల పుస్తకం సామాన్యులను సైతం పక్షులవైపు తిప్పింది.

1938 నవంబరు 12వ తేదీ సలీం అలీ నలభై రెండవ పుట్టినరోజు. అదే రోజున భరత్‌పూర్ సంస్థానంలోని చిత్తడినేలలో వైస్రాయ్ లిన్‌లిత్‌గో పాల్గొన్న వేటలో ఒక్క దినంలో 4,273 పక్షులు నేలకూలినవి. ఆ లెక్కను రాతిమీద చెక్కించి నిలిపారు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఆ చిత్తడినేల నీటిని మళ్లించి సాగుభూమి చేయాలని చుట్టుప్రక్కల రైతులు కోరారు. భూమి లేనివాని కోరిక అన్యాయమైనదని ఎవరు అనగలరు? అయినా సలీం అలీ నెహ్రూ దృష్టికి విషయం తీసుకొని వెళ్లి, ఆ నీటిని, ఆ పక్షులను నిలబెట్టారు. 1956లో అది పక్షుల రక్షితకేంద్రమయింది. తుపాకులు వరుస తీరిన ఆ గట్లమీదనే కొన్నేళ్లకు కడియాల పెట్టెలు పట్టుకొని ఆయన బృందం కూర్చున్నది.

ఆ పనికి డబ్బు, కారణం రెండూ ఒక జబ్బు వలన కలిసివచ్చినవి. 1957లో కర్ణాటకలోని షిమోగా జిల్లా సొరబ తాలూకా క్యాసనూరు అడవిలో కోతులు వరుసగా చచ్చిపోసాగినవి. చుట్టుప్రక్కల గ్రామాలలో అడవికి కట్టెలకు, పశువులతో వెళ్లే జనం తీవ్ర జ్వరంతో మంచాన పడ్డారు, మరణాలు సంభవించినవి. ఈ సంచిక చదివే కర్ణాటకాంధ్రులలో పెద్దవారికి కోతిజబ్బు అన్న పేరుతో అది జ్ఞాపకం ఉండవచ్చు. పూనాలోని వైరస్ పరిశోధన కేంద్రంవారు పరీక్షించి, రష్యా అడవులలో వసంతం, గ్రీష్మం వేళలలో ప్రబలే మెదడువాపు జబ్బు వైరస్‌కు ఇది దగ్గరి చుట్టమని తేల్చారు. రెండూ పిడుదుల వంటి చిన్న పురుగులు కుట్టడం వలననే వ్యాపిస్తవి. సైబీరియా వైరస్ మలెనాడు అడవికి ఎలా వచ్చింది? ఏటా అటునుండి ఇటు వచ్చే వలస పక్షుల ఒంటిమీద పిడుదులు అంటుకొని వచ్చి ఉండవచ్చునని కొందరు అనుమానించారు.

అనుమానం తీరాలంటే ఏ పక్షి ఎక్కడనుండి వస్తున్నదో ముందు తెలియాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ బొంబాయి సొసైటీకి ధనసహాయం చేసింది. 1959లో స్విట్జర్లాండు పక్షిశాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ షిఫెర్లీ వచ్చి శిక్షణ ఇచ్చారు. అరవై మూడేళ్ల వయసులో సలీం అలీ హెలిగోలాండ్‌లో నేర్చిన విద్యను స్వదేశంలో పెద్ద ఎత్తున ప్రారంభించారు. మొదటి శిబిరాలు కచ్ఛ్ ప్రాంతంలో, తరువాత భరత్‌పూర్‌లో, అటుపిమ్మట దేశం నలుమూలలా జరిగినవి. కడియాలమీద వరుస అంకెతోపాటు బొంబాయి సొసైటీకి తెలియజేయవలసిందన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు పొట్టి అక్షరాలలో అచ్చయి ఉండేవి.

ఆ శిబిరాలలో పని తెల్లవారకముందే మొదలయ్యేది. వెంట్రుకవంటి సన్నని నల్లటి నైలాను దారంతో అల్లిన వలలను వెదురు గడల నడుమ కడతారు. చీకటి, పొద చాటు వెనుక ఉంటే ఆ వల పక్షి కంటికి ఆనదు. ఎగిరివచ్చి తగిలి, వలలో వదులుగా వ్రేలాడే సంచి వంటి మడతలో పడుతుంది. దాన్ని విడిపించడం ఓర్పుతో కూడిన పని: ముందు కాళ్లు, తరువాత రెక్కలు, చివర తల. ఎండ ముదిరేదాకా వలలో వదిలివేస్తే చిన్న పిట్ట ప్రాణం నిలవదు కనుక మాటిమాటికి వలలు తిరిగి చూడాలి. గుడ్డసంచిలో వేసి తూచి, రెక్క పొడవు కొలిచి, జాతికి తగిన సైజు కడియాన్ని పట్టకారుతో మూస్తారు. కడియం కాలిమీద బిగుసుకోకూడదు, జారిపోకూడదు. వేలికి ఉంగరంలాగ తిరుగుతూ ఉండాలి. ఆ వేళకు ఒంటిమీద ఉన్న పిడుదులను ఏరి సీసాలలో వేసి, రక్తం చుక్క తీసి పూనాకు పంపేవారు. పిట్ట చేతిలో ఉండే కాలం నిమిషాలలో లెక్క.

ఈ పనికి సలీం అలీ కొలువులో పెట్టుకున్నది డిగ్రీలు చదివినవారిని మాత్రమే కాదు. బీహారులో తరతరాలుగా పక్షులను పట్టి అమ్ముకొని బ్రతికే మీర్‌షికార్లను పిలిపించారు. గొంతుతోనే పక్షి కూత కూసి దగ్గరకు రప్పించడం, ఉచ్చులు, మూసుకొనే వలలు, జిగురు పూసిన పుల్లలు – పక్షి పట్టే ఉపాయమంటూ వారికి తెలియనిది లేదు. ఏ పుస్తకంలోనూ లేని ఆ విద్య ముందు పెద్ద పెద్ద దేశాల నిపుణులు కూడా ముక్కుమీద వేలు వేసుకున్నారు. బజారులో అమ్మడానికి పట్టే చేతులు ఎగరవేయడానికి పట్టడం నేర్చుకున్నవి. చట్టం పక్షుల అమ్మకాన్ని నిషేధించిన తరువాత ఆ వృత్తి మీద బ్రతికిన కుటుంబాలు ఎన్నో దిక్కులేనివయినవి. కొద్దిమందికైనా గౌరవంగా బ్రతికే దారి దొరికింది ఈ కడియాల శిబిరాలలోనే.

శీతకాలం గడిచి వసంతం ప్రవేశించే దినాలలో ఈ పని రసవత్తరమవుతుంది. మనకు ఉగాది వచ్చే వేళకు ఉత్తరాది పక్షులకు తిరుగుప్రయాణం ముంచుకొని వస్తుంది. సెప్టెంబరులో వచ్చిన పసుపు కాటుకపిట్టలు అప్పటివరకు వెలిసిన రంగులతో పొలాల గట్లమీద తోక ఆడిస్తూ తిరిగి, మార్చి ఏప్రిల్ నెలలలో పెళ్లికొడుకుల్లాగ నిగనిగలాడే పసుపు రంగు తొడుక్కుంటవి. సాయంకాలం తుంగలలో, చెరకుతోటలలో వేల సంఖ్యలో ఒక్కచోట చేరి నిద్రిస్తవి. ఆ దినాలలో తూచి చూస్తే బరువు పెరుగుతూ ఉన్నట్లు కనబడింది: చర్మం కింద కొవ్వు పేరుకొంటున్నది. హిమాలయాలు, ఎడారులు దాటే ప్రయాణానికి అదే దారిబత్తెం. దక్కన్ జొన్నచేలమీద మేఘాల్లాగ వాలే గులాబి గోరువంకలు కూడా ఏప్రిల్‌కల్లా కదలి, మధ్య ఆసియా మిడతల నేలలకు గూళ్లు పెట్టడానికి పోతవి. మనకు కోత ముగిసే కాలం వాటికి సంసారం మొదలుపెట్టే కాలం.

కాని ఈ చిన్న పిట్టల సమాచారం తిరిగి రావడం బహు కష్టం. బాతులకు వేసిన కడియాలు సైబీరియానుండి, కజకస్థాన్‌నుండి తరచుగా కబురు తెచ్చేవి; వాటిని వేటగాళ్లు కొడతారు, కొట్టినవారు కడియం చూసి ఉత్తరం వ్రాస్తారు. పదిహేను ఇరవై గ్రాముల పాటపిట్టను ఎవరు కొడతారు? ఏ స్టెప్పీ గడ్డిలోనో, ఏ కొండలోయలోనో రాలిపోతే ఎవరి కంట పడుతుంది? వందల కొద్దీ, ఒక్కొక్క జాతిలో వేల కొద్దీ కడియాలు వేస్తే ఒక్కటి తిరిగి తెలియడమే గొప్ప. కనుకనే పటంమీద బాతుల దారులు త్వరగా గీయబడినవి. పాటపిట్టల దారులు చాలాకాలం ఖాళీగా ఉన్నవి. అయితే అదే తోటలో, అదే వలలో మరుసటి సంవత్సరం అదే అంకెతో పిట్ట మళ్లీ చిక్కడం మాత్రం జరిగేది. వేల మైళ్లు పోయి వచ్చిన బూడిదరంగు కాటుకపిట్ట వెనుకటి యేటి పెరటికే, అదే వాకిటికే వస్తుందని రుజువు కావడం చిన్న సంగతి కాదు.

ఆరోగ్య సంస్థ ధనం ముగిసిన తరువాత 1960వ దశకంలో అమెరికా సైన్యపు వైద్య పరిశోధన విభాగం ఆసియా అంతటా నడిపిన వలస జంతువుల వ్యాధి సర్వే నుండి సహాయం వచ్చింది. బాంగ్‌కాక్ కేంద్రంగా మెక్‌క్లూర్ అనే శాస్త్రవేత్త దాన్ని నడిపారు. 1963–71 నడుమ ఆసియా దేశాలన్నింటిలో కలిపి పది లక్షలకు పైగా పక్షులకు కడియాలు పడ్డవి. పక్షులను ఎగరవేయడానికి సైన్యం ఎందుకు డబ్బు ఇస్తుంది? ఈ ప్రశ్న 1974లో పత్రికలలో పెద్ద అక్షరాలతో వచ్చింది. రోగక్రిములను శత్రుదేశానికి చేరవేయడానికి ఏ పక్షి ఎటు పోతుందో తెలుసుకొంటున్నారని, బొంబాయి సొసైటీ తెలిసో తెలియకో అందుకు సాధనమయిందని ఆరోపణ. పార్లమెంటు పబ్లిక్ అకౌంట్స్ కమిటీ విదేశీ ధనంతో నడిచే పరిశోధనలను పరిశీలిస్తూ దీన్ని కూడా విచారణకు తీసుకొని తీవ్రంగా విమర్శించింది.

డెబ్బై ఎనిమిదేళ్ల సలీం అలీకి అది పిడుగుపాటు. వియత్నాం యుద్ధం నడిచిన కాలం అది. అమెరికా సైన్యం పేరు వినగానే అనుమానపడిన పత్రికలను, సభ్యులను తప్పు పట్టడం కష్టం. డబ్బు ఎక్కడనుండి వస్తున్నదో, ఇచ్చేవానికి దానితో ఏమి పనో పరిశోధకుడు అడగాలన్నది న్యాయమైన మాటే. ఆయన ఆ ప్రశ్నకు ఇవ్వవలసినంత బరువు ఇవ్వలేదని నా అభిప్రాయం. పక్షులమీది శ్రద్ధ ఆయనను రాజకీయాలపట్ల కొంత ఏమరుపాటుగా ఉంచింది. కాని కడియం పనిలో దాచినదేమీ లేదు. ఫలితాలు సొసైటీ పత్రికలో బహిరంగంగా అచ్చవుతూనే వచ్చినవి. సోవియట్ రష్యాలో దొరికిన కడియాల వివరాలు మాస్కో కేంద్రంనుండి అందుతూనే ఉన్నవి. మన పక్షులు ఎవరి ఆయుధంగానో ఉపయోగపడినట్లు ఆధారం కనబడలేదు. ఇక అసలు అనుమానం మాట: క్యాసనూరు జబ్బును వలస పక్షులు సైబీరియానుండి తెచ్చినవన్నదానికి రుజువు దొరకలేదు. అది ఆ అడవిలోనే చిన్న జంతువులలో, పిడుదులలో అణగి ఉండి, మనుషులు అడవిని నరికి పశువులను తోలుకొని లోపలికి పోయినకొద్దీ బయటపడిందన్న వైపే శాస్త్రవేత్తలు మొగ్గారు. తాము దోషులు కామని పిట్టలు చెప్పుకోలేవు. వాటి తరపున సాక్ష్యం పోగుచేసిన పనికే నింద రావడం విచిత్రం.

పని పూర్తిగా ఆగలేదు. తమిళనాడులో కోడియక్కరై వద్ద నేల సముద్రంలోకి ముక్కులాగ పొడుచుకొని ఉన్నది. అక్కడి పొడి అడవిలో పొన్నంగి పిట్టలు, ఈగలు పట్టుకొనే చిన్న పిట్టలు, ఉప్పుమడుల మీద రాజహంసలు, ఉల్లంకులు చేరతవి. 1960వ దశకంలో సలీం అలీ ఆ స్థలపు విలువను గుర్తించి చాటారు. 1967లో అది రక్షితకేంద్రమయింది. కడియాల శిబిరాలకు ముఖ్యస్థానమయింది. ఒడిషాలోని చిలికా సరస్సు తీరాన కూడా తరువాత ఈ పని జరిగింది. యానాం దగ్గరి గోదావరి పాయల బురదనేలలమీద శీతకాలంలో మనం చూసే గుంపులు కూడా ఈ తూర్పుతీరపు బాటసారులే.

డిల్లన్ రిప్లీతో కలిసి వ్రాసిన పది సంపుటాల పక్షి గ్రంథం 1974లో పూర్తయింది. 1976లో పద్మవిభూషణ్, అదే సంవత్సరం పాల్ గెట్టీ బహుమానం వచ్చినవి. ఆ ధనంలో అధికభాగం సొసైటీకి ఇచ్చివేశారు. 1985లో రాజ్యసభకు నామినేట్ అయినారు. అదే యేడు వెలువడిన ఆత్మకథకు పిచ్చుక పేరే పెట్టుకున్నారు. 1986లో, లోకంలో లేదనుకొన్న జెర్డాన్ కోర్సర్ అనే పక్షి మన కడప జిల్లాలో మళ్లీ కనబడింది. దాన్ని వెతికి పట్టినది ఆయన సొసైటీ పరిశోధకుడు, అక్కడి పల్లెజనం కలిసి. తొంభైవ పడిలో ఆ వార్త వినే భాగ్యం ఆయనకు కలిగింది. 1987 జూన్ 20వ తేదీన బొంబాయిలో కన్నుమూశారు. 1990లో కోయంబత్తూరు దగ్గర ఆయన పేరిట పక్షిశాస్త్ర కేంద్రం ఏర్పడింది.

పెద్ద పక్షులకు ఇప్పుడు ఉపగ్రహాలతో మాటలాడే యంత్రాలు కడుతున్నారు. పదిగ్రాముల పిట్ట అంత బరువు మోయలేదు కనుక దానికి నేటికీ అల్యూమినియం కడియమే ముఖ్యమైన గుర్తు. నగరం పేరు ముంబై అయినా సొసైటీ తన పేరులో బొంబాయిని అలాగే నిలుపుకొన్నది. పొలంలో గాని, పెరటిలో గాని కాలికి కడియం ఉన్న పక్షి చచ్చి కనబడితే, దానిమీది అంకెను, దొరికిన చోటును, తేదీని వ్రాసి వారికి పంపాలి. పక్షి బ్రతికి ఉంటే అంకె వ్రాసుకొని, కడియం తీయకుండా విడిచిపెట్టాలి.